పాత కాలిన మచ్చ మీద మానని పుండు: ముక్క పరీక్షకు భయపడాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. పల్నాడు జిల్లాలో మిరప, పత్తి వేస్తారు. 1988లో గడ్డివాము అంటుకుంటే ఆర్పబోయి, ఎడమ మోకాలి మడత నుంచి సగం పిక్క దాకా కాల్చుకున్నారు. అప్పట్లో వేరేచోటి చర్మం తీసి అతికించడం వంటిదేమీ జరగలేదు. కట్లు కట్టగా కట్టగా ఏడాదికి మానింది. ఎండాకాలంలో ఆ మచ్చ చిట్లడం, నాలుగు రోజులకు మానడం మాకు అలవాటే. ఎనిమిది నెలల క్రితం చిట్లినది మాత్రం మానలేదు. చింతగింజంత ఉన్నది ఇప్పుడు అరచేతిలో సగమైంది. అంచులు కాలీఫ్లవర్‌లా లేచాయి, గుడ్డ తగిలినా నెత్తురు వస్తోంది, వాసన ఉంది, గజ్జలో బిళ్ల తగులుతోంది. షుగర్ ఉంది కాబట్టి ఇది షుగర్ పుండేనని ఊళ్లో ఆర్.ఎం.పి. గారు కట్టు కడుతున్నారు. నరసరావుపేటలో చూపిస్తే ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు. బ్రిస్బేన్‌లో ఉన్న మా తమ్ముడు, చర్మ క్యాన్సర్ ఎండవల్ల వస్తుంది, నాన్న జీవితమంతా ఎండలోనే గడిపారు కదా అంటున్నాడు. నా అరికాలిలో చిన్నప్పటి నుంచీ ఒక పుట్టుమచ్చ ఉంది, అదీ ఇలా మారుతుందా? ఈ జబ్బు పిల్లలకు అంటుతుందా? నిజంగా క్యాన్సరే అయితే నాన్నకు చెప్పాలా? అసలు ముక్క పరీక్షకు ఒప్పుకోవాలా, వద్దా?
ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

సమాధానం: అమ్మా, మీరు చివర్లో అడిగిన ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ముక్క పరీక్ష చేయించండి. మిరప కోతలయ్యే దాకా ఆగవద్దు, పండగ వెళ్లే దాకా ఆగవద్దు, ఈ వారంలోనే చేయించండి. ఉత్తరం చదివి ఇది ఫలానా జబ్బు అని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. అయితే ముప్పై అయిదేళ్లు దాటిన కాలిన మచ్చ, అందులోనూ కీలు మడతపడే చోటి మచ్చ, ఎనిమిది నెలలుగా మానని పుండు, పైకి లేచి విచ్చుకున్న అంచు, గుడ్డ తగిలినా కారే నెత్తురు ఒకే మనిషిలో కనబడినప్పుడు, క్యాన్సర్ కాదని రుజువయ్యేదాకా దాన్ని క్యాన్సర్‌గానే భావించి నడుచుకోవాలన్నది వైద్య విద్యార్థులకు మేము మొదట నేర్పే పాఠాల్లో ఒకటి. నరసరావుపేటలో మీకు సలహా ఇచ్చిన డాక్టరుగారు సరిగ్గానే చెప్పారు.

పాత మచ్చలో పుట్టే ఈ రకం క్యాన్సర్‌ను మార్జొలిన్ పుండు అంటారు. జాన్ నికొలా మార్జొలిన్ అనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు 1828లో, పాత మచ్చల మీద పులిపిర్లలా లేచే పుండ్లను వర్ణించారు. అవి క్యాన్సర్లని తేల్చింది ఆయన తరవాతి వారే అయినా పేరు మాత్రం ఆయనదే నిలిచింది. కాలిన మచ్చలు ఉన్నవాళ్లందరూ దీన్ని చదివి బెంబేలెత్తనవసరం లేదు, అలా మారేవి నూటికి ఒకటి రెండుకు మించవని వైద్య గ్రంథాలు చెబుతాయి. మారేవి కూడా సగటున ముప్పై ఏళ్లు తీసుకుంటాయి. చర్మం అతికించకుండా, ఏడాది పొడుగునా కట్లతోనే మానిన మచ్చల్లో, మోకాలి మడత, మోచేతి మడత, మడమ వంటి నిత్యం సాగుతూ రాసుకుంటూ ఉండే చోట్లలో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. మీ నాన్నగారి మచ్చకు ఈ రెండు లక్షణాలూ ఉన్నాయి.

ఎందుకిలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది అర్థమైతే మీ ఇంట్లో పెద్దవాళ్లకు నచ్చజెప్పడం తేలికవుతుంది. లోతుగా కాలిన చోట ఏర్పడే కొత్త చర్మం మామూలు చర్మం లాంటిది కాదు. దానికి వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథులు ఉండవు, కింద మెత్తలా పనికొచ్చే కొవ్వు ఉండదు, నెత్తురు పారే నాళాలు తక్కువగా ఉంటాయి, లింఫ్ నాళాలు చాలామటుకు మూసుకుపోయి ఉంటాయి. చేలో వంగి లేచిన ప్రతిసారీ, గొంతుకూర్చున్న ప్రతిసారీ, సాగే గుణం లేని ఆ చర్మం చిట్లుతుంది. చిట్లిన సందును పూడ్చడానికి చుట్టూ ఉన్న కణాలు మళ్లీ మళ్లీ రెండవుతూ ఉంటాయి. మీకు అలవాటైపోయిన ఆ చిట్లడం, మానడం వెనుక ముప్పై ఏళ్లుగా జరుగుతున్నది ఈ మరమ్మతే. ఇన్ని వేలసార్లు జరిగే మరమ్మతులో ఎక్కడో ఒక కణం ఆగవలసిన చోట ఆగకుండా పెరుగుతూ పోతుంది. మామూలు చర్మంలోనైతే అటువంటి కణాన్ని పసిగట్టి చంపే రక్షణ కణాలు లింఫ్ దారుల వెంట వస్తూ పోతూ ఉంటాయి, మచ్చలో ఆ దారులే లేవు. ఆ దారులు లేకపోవడం వల్లనే క్యాన్సర్ కణాలు కూడా కొంతకాలం బయటికి పోలేక మచ్చలోనే బందీలై ఉంటాయి. గట్టు తెగినట్లు అవి మచ్చను దాటి పక్కనున్న మంచి చర్మంలోకో, కింది కండరంలోకో దిగిన తరవాత మాత్రం, ఎండవల్ల వచ్చే ఇదే రకం క్యాన్సర్ కంటే త్వరగా బిళ్లల్లోకి పాకుతాయి. మీరు ఎనిమిది నెలలని రాసినప్పుడు నాకు ఆదుర్దా కలిగింది ఇందుకే.

షుగర్ పుండు అన్న మాట సంగతి. షుగర్ ఉన్నవాళ్ల కాళ్లకు వచ్చే పుండు సాధారణంగా అరికాలిలో బరువు పడే చోట, వేళ్ల కొసల్లో, మడమ దగ్గర, స్పర్శ తగ్గిన పాదంలో వస్తుంది. అది లోపలికి గుంటపడుతుంది కాని అంచులు పువ్వులా బయటికి విచ్చుకోవు. షుగర్ వల్ల పుండు మానడం ఆలస్యమవుతుంది, నిజమే, కాని మోకాలి వెనక పాత మచ్చలో ఇటువంటి అంచున్న పుండుకు అది సరిపోయే కారణం కాదు. చర్మానికి వచ్చే క్షయ, కొన్ని ఫంగస్ జబ్బులు కూడా ఇలాగే పులిపిర్లలా లేచి కనబడతాయి. వీటన్నిటినీ వేరుచేసి చెప్పగలిగేది ముక్క పరీక్ష ఒక్కటే కనుక, తీసిన ముక్కలో కొంత భాగాన్ని క్రిముల పరీక్షకు కూడా పంపమని డాక్టరుగారిని అడగండి. ఈలోగా పసరు, పసుపుముద్ద, మైలతుత్తం వంటివేవీ పుండు మీద వేయవద్దు. సెలైన్‌తో కడిగి, అంటుకోని గాజుగుడ్డ వేసి కట్టడం చాలు.

ఇక కత్తి తగిలితే పాకుతుందన్న భయం. ఈ మాట నేను వృత్తిలోకి వచ్చినప్పటి నుంచి వింటున్నాను, దీనివల్ల జరిగిన నష్టాన్ని కళ్లారా చూశాను కనుక ఈ విషయంలో మెత్తగా మాట్లాడలేను. ఈ నమ్మకం ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. పసరులతో, కట్లతో ఏడాది గడిపి, బిళ్లలు కట్టాక ఆసుపత్రికి వచ్చిన మనిషికి ముక్క తీస్తారు, ఆ తరవాత కొద్ది నెలలకే జబ్బు ముదురుతుంది. ఏడాది ఆలస్యం ఎవరికీ గుర్తుండదు, కత్తి పడిన రోజు అందరికీ గుర్తుంటుంది. చర్మ క్యాన్సర్ పుండు నుంచి ముక్క తీయడం వల్ల రోగి ఆయుష్షు తగ్గుతుందనడానికి ఆధారం లేదు. ముక్క తీయకుండా ఆపరేషన్‌కు గాని, రేడియేషన్‌కు గాని వెళ్లడమే ప్రమాదం, ఎందుకంటే ఎంత కోయాలి, ఎంత లోతుకు పోవాలి అన్నది ఆ ముక్కే చెబుతుంది.

ముక్క తీయడమంటే ఏమి జరుగుతుందో మీ నాన్నగారికి ముందే చెప్పండి, భయం సగం తగ్గుతుంది. పుండు అంచున సన్నని సూదితో మత్తు ఎక్కిస్తారు. ఆ సూది మంట పది పదిహేను సెకన్లు ఉంటుంది, ఆ తరవాత నొక్కిన భావన తప్ప నొప్పి తెలియదు. పుండు నడిమధ్య నుంచి తీస్తే కుళ్లిన పదార్థమే వస్తుంది, అందులో చూడడానికేమీ ఉండదు. అందుకని కొంత అంచు, కొంత పక్కనున్న చర్మం కలిసివచ్చేలా, అడుగున ఉన్న గట్టిదనం దాకా, రెండు మూడు చోట్ల నుంచి తీయాలి. ఒక్కో ముక్క మినపగింజకు కొంచెం పెద్దది, అంతే. మన దగ్గర చాలాచోట్ల ముక్కను సీసాలో వేసి ఇంటివాళ్ల చేతికే ఇచ్చి ల్యాబుకు పంపుతారు. అలా ఇస్తే, క్యాన్సర్ పరీక్షకు పంపే సీసాలో ఉన్నది ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణమేనా, ముక్క పూర్తిగా మునిగి ఉందా, సీసా మూత మీద కాకుండా సీసా మీదే పేరు రాసి ఉందా అని చూసుకోండి. సెలైన్‌లో వేసి మర్నాడు ఇచ్చిన ముక్క పాడైపోతుంది, మళ్లీ తీయవలసి వస్తుంది. నాన్నగారు నెత్తురు పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, మీ అంతట మీరు ఆపవద్దు. రిపోర్టు రావడానికి వారం రోజులు పట్టవచ్చు.

మొదటి రిపోర్టులో క్యాన్సర్ లేదని వచ్చినా అక్కడితో ఊరుకోవద్దని ఇప్పుడే చెబుతున్నాను. చాలాకాలం మానని పుండు అంచున మామూలు చర్మకణాలు కూడా క్యాన్సర్‌ను పోలినంతగా దట్టంగా పెరుగుతాయి, పైపైన తీసిన చిన్న ముక్కను చూసి ఇది ఏదో చెప్పడం అనుభవమున్న పెథాలజిస్టుకు కూడా కష్టమే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మడమ మీది పాత మచ్చలో పుండుతో వచ్చిన ఒక రైతుకు వేరేచోట తీసిన ముక్కలో క్యాన్సర్ లేదని వచ్చింది. ఆయన ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకుని ఆరు నెలలు నిశ్చింతగా ఉన్నారు. మా దగ్గర చేతి తొడుగు వేసుకుని అంచును వేలితో నొక్కి చూస్తే, పైన మెత్తగా పొడిపొడిగా రాలుతున్నా అడుగున చెక్కముక్క తగిలినట్లు గట్టిగా ఉంది. ఆ గట్టిదనం దాకా దిగి తీసిన ముక్కలో జబ్బు బయటపడింది. కనుక రిపోర్టు ఒకటి చెబుతూ పుండు మరొకటి చెబుతుంటే, రెండోసారి లోతుగా ముక్క తీయమని మీరే అడగండి.

ఎండ గురించి మీ తమ్ముడు అన్నమాట అతను ఉంటున్న దేశానికి అక్షరాలా నిజం. ప్రపంచంలో చర్మ క్యాన్సర్లు అతి ఎక్కువగా వచ్చే దేశం ఆస్ట్రేలియా, అందులోనూ బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్. ఐరోపా మూలాలున్న తెల్లని చర్మం అంత తీవ్రమైన ఎండకు తట్టుకోలేదు. చొక్కా తొడుక్కోండి, క్రీము రాసుకోండి, టోపీ పెట్టుకోండి అని అక్కడ 1981 నుంచి ప్రచారం సాగుతోంది. మన చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం గొడుగు పట్టినట్లు కణాలను ఎండ నుంచి చాలావరకు కాపాడుతుంది కనుక మన దేశంలో చర్మ క్యాన్సర్లు తక్కువ. తక్కువ కాబట్టే మనకు వాటి మీద అనుమానం రాదు, వచ్చినవి కూడా పుస్తకాల్లోని తెల్లచర్మం బొమ్మల్లా కనిపించవు. మన దేశంలో వచ్చే చర్మ క్యాన్సర్లలో కొన్నిటికి వేడి, రాపిడి, పాత గాయం కారణాలుగా కనిపిస్తాయి. కశ్మీరులో చలికాలం ఫిరన్ అనే పొడవాటి వదులు అంగీ లోపల కాంగ్డీ అనే నిప్పుల కుంపటి పెట్టుకునేవాళ్లకు పొట్ట మీద, తొడల మీద వచ్చే క్యాన్సర్ ఎప్పటినుంచో ప్రసిద్ధం. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో పనిచేసిన ఖనోల్కర్, సూర్యాబాయి అనే వైద్యులు, పంచె బిగించి కట్టే చోట నడుము మీద వచ్చే క్యాన్సర్‌ను 1945లో వర్ణించారు. చీర కట్టుకునేవాళ్లలో లంగా బొందు ఒరుసుకునే చోట చర్మం నల్లబడి మందమై దురదపెట్టడం మనందరి ఇళ్లలో ఉన్నదే. అది క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు, అయినా అక్కడ నెలల తరబడి మానని పుండు పడితే చూపించుకోవాలి. బొందుకు బదులు వెడల్పు పట్టీ కుట్టించుకుంటే ఆ ఒరిపిడే ఉండదు.

చర్మ క్యాన్సర్లలో ముఖ్యమైనవి మూడు, వాటి పెరిగే తీరు వేరువేరు. మార్జొలిన్ పుండు సాధారణంగా స్క్వేమస్ సెల్ కార్సినోమా అనే రకానికి చెందుతుంది. ఇది వారాల్లో, నెలల్లో పెరుగుతుంది, గట్టి అడుగుతో, పొలుసుకట్టే బుడిపెగానో, పుండుగానో కనిపిస్తుంది, బిళ్లల్లోకి పాకగలదు. కింది పెదవి, చెవి, చేతి వెనకభాగం దీనికి ఎండవల్ల కలిగే స్థానాలు. మచ్చలు, కుష్ఠు వల్ల స్పర్శపోయిన అరికాలిలో ఏళ్లతరబడి ఉండిపోయిన పుండ్లు, ఎప్పుడూ రసి కారే ఎముక చీము రంధ్రాలు మన దగ్గర దీనికి నెలవులు. రెండోది బేసల్ సెల్ కార్సినోమా. ఇది ఎక్కువగా ముఖం మీద, ముక్కు పక్కన, కంటి కింద చిన్న మెరిసే బుడిపెగా మొదలై, మధ్యలో గుంటపడి, పక్కు కట్టి, పక్కు రాలితే నెత్తురు వచ్చి, మళ్లీ పక్కు కడుతూ ఏళ్లూపూళ్లూ సాగుతుంది. మనవాళ్లలో అది నల్లగా ఉండడం వల్ల కొత్తగా వచ్చిన పుట్టుమచ్చ అనుకుని వదిలేస్తారు. బిళ్లలకు పాకడం బహు అరుదు కాని, వదిలేస్తే ముక్కు మృదులాస్థిని, కనురెప్పను కొరుక్కుంటూ పోతుంది. చిన్నగా ఉన్నప్పుడు చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మంతో తీసేస్తే దాదాపు అందరికీ నయమవుతుంది. మూడోదైన మెలనోమా గురించి మీ పుట్టుమచ్చ దగ్గర చెబుతాను.

గజ్జలో తగిలే బిళ్ల విషయంలో నిరాశపడవద్దు. పుండుకు చీము పట్టినా బిళ్ల కడుతుంది, చీము తగ్గితే అది మెత్తబడి చిన్నదవుతుంది. గట్టిగా, కదలకుండా, నొప్పి లేకుండా ఉండి పెరుగుతున్న బిళ్లనే ఎక్కువ అనుమానించాలి. సన్నని సూదితో అందులోని కణాలను తీసి చూస్తే చాలామటుకు తెలుస్తుంది. పిక్క వెనకభాగం నుంచి వచ్చే లింఫ్ నాళాల్లో కొన్ని ముందుగా మోకాలి వెనక ఉన్న బిళ్లలకు పోతాయి కనుక అక్కడ కూడా స్కానింగ్ చేయించాలి. ఎముకకు అంటిందేమో చూడడానికి ఎక్స్‌రే, లోతు తెలియడానికి ఎమ్మారై, ఛాతీకి ఒక పరీక్ష అవసరమవుతాయి.

ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలితే అసలైన చికిత్స ఆపరేషనే. పుండు చివరి అంచు నుంచి చుట్టూ సుమారు 2 సెంటీమీటర్ల మేర, అడుగున కండరం మీది పొరతో సహా, ఒకే ముక్కగా తీస్తారు. తీసిన దాని అంచులన్నీ పరీక్షించి జబ్బు మిగల్లేదని తేల్చుకుంటారు. ఖాళీ అయిన చోట తొడ నుంచి తీసిన ఉల్లిపొర లాంటి చర్మాన్ని పరుస్తారు, లేదా నాళాలు, నరాలు బయటపడితే పక్కనుంచి కండతో కూడిన చర్మాన్ని తిప్పి కప్పుతారు. మోకాలి మడతలో అతికించిన చర్మం నిలవాలంటే కొన్నాళ్లు కాలు వంచకుండా పిండికట్టుతో చాపి ఉంచాలి. మొదటి కట్టు సాధారణంగా అయిదో రోజున విప్పుతారు, ఆ రోజు చర్మం గులాబీ రంగులో అంటుకుని కనబడితే గట్టెక్కినట్లే. చుట్ట, బీడీ అలవాటుంటే ఈరోజే మానిపించండి, పొగ వల్ల సన్నని నాళాలు ముడుచుకుని అతికించిన చర్మం నల్లబడిపోతుంది. షుగర్ అదుపులోకి తెచ్చుకుని వెళ్లాలి కాని, అది సాధారణ స్థితికి రాలేదన్న కారణంతో ఆపరేషన్‌ను నెలల తరబడి వాయిదా వేయనవసరం లేదు, ఇన్సులిన్‌తో కొద్ది రోజుల్లోనే దారికి తేవచ్చు.

బిళ్లల్లో జబ్బు ఉందని తేలితే గజ్జలోని బిళ్లలను కూడా తీస్తారు. మన ఊళ్లలో కరెంటు పెట్టించడం అనే రేడియేషన్‌ను, కోసిన అంచున జబ్బు మిగిలినప్పుడు, బిళ్లలు ఎక్కువగా పట్టినప్పుడు, ఆపరేషన్‌కు తగని స్థితిలో ఉన్నప్పుడు ఇస్తారు. నెత్తురు సరిగా పారని మచ్చలో అది ఒంటరిగా పనిచేయడం తక్కువ. ఎముకలోకో, కీలులోకో, ప్రధాన రక్తనాళాల్లోకో జబ్బు దిగితే కాలు తీయవలసి రావచ్చు. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది, కాని మరో మూడు నెలలు కట్లతో గడిపితే వచ్చే స్థితి అదే కనుక దాచడం లేదు. ఆపరేషన్‌కు అందనంత ముదిరిన వాటికి సెమిప్లిమాబ్ అనే, ఒంటి రక్షణ శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందుకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఖరీదు సామాన్యులకు అందేది కాదు, దాని అవసరం రాకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది.

ఎక్కడికి వెళ్లాలంటే, మీకు దగ్గరలో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో క్యాన్సర్ విభాగం ఉంది. విశాఖపట్నంలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు మీ రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం కింద క్యాన్సర్ ఆపరేషన్లు, రేడియేషన్ ఉన్నాయి కనుక రేషన్ కార్డు, ఆధార్ వెంట తీసుకెళ్లి, ముందుగా ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి.

మీ అరికాలి పుట్టుమచ్చ గురించి. మూడోదైన మెలనోమా చర్మానికి రంగునిచ్చే కణాల నుంచి పుడుతుంది, మూడింటిలో ఎక్కువ ప్రాణాపాయం కలిగించేది ఇదే. తెల్లవాళ్లలో వీపు మీద, కాళ్ల మీద వస్తే, మనవాళ్లలో అరికాలిలో, అరచేతిలో, గోటి కింద ఎక్కువగా వస్తుంది, దానికి ఎండతో సంబంధం కనిపించదు. ప్రసిద్ధ గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోటి కింద వచ్చినది మొదట బంతాటలో తగిలిన దెబ్బగా భావించారు. 1977లో అది మెలనోమా అని తేలింది, 1981లో 36 ఏళ్ల వయసులో ఆయన మరణించారు. మెలనోమా మొదట కొంతకాలం పైపొరలోనే సిరా మరకలా పక్కలకు విస్తరిస్తుంది, తరవాత లోతుకు దిగుతుంది. ఎంత లోతుకు దిగిందన్న మిల్లీమీటర్ల లెక్కే రోగి భవిష్యత్తును ఎక్కువగా నిర్ణయిస్తుంది. 1 మిల్లీమీటరు లోపే ఉండగా చుట్టూ 1 సెంటీమీటరు చర్మంతో తీసేస్తే నూటికి తొంభై మందికి పైగా బతికి బయటపడతారు.

చిన్నప్పటి నుంచీ ఉండి, మారకుండా, చిన్నదిగా, గుండ్రంగా, ఒకే రంగులో ఉన్న అరికాలి మచ్చ చాలామందికి ఉంటుంది, దానిని ఊరికే తీయించుకోనవసరం లేదు. అది ఒక పక్కకు పాకుతూ ఉంటే, అంచులు తీరం లాగా వంకరలు తిరిగితే, నలుపు, గోధుమ, నీలి రంగులు కలిసి కనబడితే, 6 మిల్లీమీటర్లు దాటితే, ముఖ్యంగా ఇటీవలి నెలల్లో మారిందని మీకే అనిపిస్తే, చర్మ వైద్యులకు చూపించండి. వాళ్లు డెర్మోస్కోప్ అనే దీపమున్న భూతద్దంతో చూస్తారు. అరికాలి చర్మం మీద వేలిముద్రల్లో లాగా గట్లు, వాటి మధ్య కాలువలు ఉంటాయి కదా, రంగు కాలువల్లో ఉంటే అది సాధారణంగా మామూలు మచ్చ, గట్ల మీద పట్టి ఉంటే మెలనోమా అనుమానం. ఒకే ఒక గోటిలో కొత్తగా వచ్చి వెడల్పవుతున్న నల్లటి చార, ఆ నలుపు గోటి మొదలులోని చర్మానికి కూడా పాకడం, అంతే జాగ్రత్తగా చూడవలసిన లక్షణం. అరికాలి మచ్చను ఆనెకాయ అనుకుని బ్లేడుతో గీయడం, సున్నం, సోడా, జీడిరసం పెట్టి కాల్చడం, పరీక్షకు పంపకుండా లేజరుతో మాడ్పించడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. మచ్చ పోతుంది, అడుగున జబ్బు ఉంటే అది మిగులుతుంది, పరీక్షించడానికి ముక్క కూడా ఉండదు.

ఈ జబ్బు అంటువ్యాధి కాదు. ఆ కట్టు మార్చినంత మాత్రాన, ఒకే మంచం మీద కూర్చున్నంత మాత్రాన మీ పిల్లలకు రాదు, మచ్చలో పుట్టిన క్యాన్సర్ వంశపారంపర్యంగా దిగదు. చుట్టరికంలో పెళ్లిళ్లు ఎక్కువ కనుక మన వాళ్లందరికీ ఇక్కడే ఒక మాట చెప్పాలి. జీరోడెర్మా పిగ్మెంటోజమ్ అనే అరుదైన జబ్బులో, ఎండ కలిగించిన దెబ్బను సరిచేసుకునే శక్తి చర్మకణాలకు పుట్టుకతోనే ఉండదు. మేనరికపు పెళ్లిళ్ల వల్ల ఇది వచ్చే అవకాశం పెరుగుతుంది. రెండు మూడేళ్ల బిడ్డకు ముఖమంతా నల్లటి చుక్కలు లేచి, వెలుతురు చూడలేక కళ్లు మూసుకుంటుంటే ఆలస్యం చేయకుండా చర్మ వైద్యులకు చూపించాలి, ఆ పిల్లలకు పదేళ్లు నిండకముందే చర్మ క్యాన్సర్ రావచ్చు.

నాన్నగారికి చెప్పాలా అన్నారు. చెప్పండి. మన ఇళ్లలో పెద్దవాళ్ల దగ్గర ఈ మాట దాచడం ప్రేమతోనే చేస్తారని నాకు తెలుసు, కాని ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టవలసింది ఆయన, రోజుల తరబడి కాలు కదపకుండా పడుకోవలసింది ఆయన. ఎందుకో తెలియని మనిషి మూడో రోజునే లేచి చేను చూసి వస్తానంటారు. రిపోర్టు వచ్చాక డాక్టరుగారి ఎదుట, మీరు పక్కన కూర్చుని, ఇది ఇది అని, దీనికి ఇది చేస్తారని చెప్పించండి. చికిత్స అయ్యాక మొదటి రెండేళ్లు మూడు నెలలకొకసారి, ఆ తరవాత అయిదేళ్లు నిండేదాకా ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి, తిరిగి వచ్చేవి ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే వస్తాయి. మధ్య రోజుల్లో స్నానం చేసేటప్పుడు మిగిలిన మచ్చను, గజ్జను, మోకాలి వెనకను వేళ్లతో తడిమి చూసుకోవడం ఆయనకు నేర్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలినా, చిట్లినది మూడు వారాల్లో మానకపోయినా, తరవాతి తేదీ దాకా ఆగకుండా ఆసుపత్రికి రావాలని చెప్పండి.